నోట్లో నాలుక లేని పిల్ల

ఒక తండ్రి రాసిన మూడే మూడు మాటలు నిక్షేపంగా నడుస్తున్న బడిని తలకిందులు చేయగలవా అని ఎవరైనా అడిగితే, చేయగలవని గుండె మీద చెయ్యి వేసి చెబుతాను. ఆ మూడు మాటలూ రాసింది నేనే. నీలం పెన్నుతో, ఒక్క కొట్టివేత లేకుండా, కింద యాదగిరి అని సంతకం కూడా పెట్టి మరీ రాశాను. ఆ కాగితం ఇప్పటికీ ఆ బడి బీరువాలో ఉందట. కొత్త టీచర్లు చేరినప్పుడల్లా బయటికి తీసి చూపించుకుని నవ్వుకుంటారట. వాళ్లంతా నవ్వుకుంటుంటే మీరు మాత్రం ఎందుకు ఊరికే ఉండాలి? మొదటి నుంచి చెబుతాను, సావకాశంగా కూర్చోండి.

మాది మోత్కూరుకు దగ్గర్లో నేతపని వాళ్ల ఊరు. తెలంగాణ రాష్ట్రం వచ్చి రెండు మూడేళ్లయి ఉంటుంది అప్పటికి. మా ఇంటి ముందుగదిలో రెండు గుంట మగ్గాలు ఉండేవి. ఒకదాని మీద నేను, ఇంకోదాని మీద మా తమ్ముడు. గోడకు అవతల పక్కింటివాళ్లవి మరో మూడు. పొద్దున ఆరింటికి మొదలైతే పొద్దుగూకే దాకా టకటకా టకటకా అదే మోత. మా ఇంట్లో కుక్కర్ కూత కూడా వినపడదు. ఆవిరి ఎన్నిసార్లు లేచిందో కళ్లతో చూసి పొయ్యి కట్టేయాలి.

అందుకని మా ఇంట్లో ఒక పద్ధతి ఉంది. మగ్గం మీద కూర్చున్న మనిషితో ఎవరూ నోటితో మాట్లాడరు, చేతులతో మాట్లాడతారు. బొటనవేలు పెదవికి ఆనిస్తే చాయ. అయిదు వేళ్లూ కూడగట్టి నోటి దగ్గర పెడితే బువ్వ. రెండు చూపుడు వేళ్లు కలిపి టక్కున విడదీస్తే దారం తెగిందని. పొట్ట మీద గుండ్రంగా నిమిరితే చీరలు కొనే సేటు వచ్చాడని. ముక్కు మీద పిడికిలి పెడితే ఎవరో కోపంగా ఉన్నారని. మా ఇంట్లో ఆ ఎవరో ఎప్పుడూ మా ఇంటామె సుగుణే.

మా బిడ్డ శ్రావ్యకు అప్పుడు అయిదు దాటాయి. నడక వచ్చిన నాటి నుంచే ఈ సైగలన్నీ నేర్చింది. చాయ గ్లాసు పట్టుకుని వచ్చేది, మగ్గం పక్కన నిలబడి బొటనవేలు పెదవికి ఆనించేది. నేను తల ఊపితే గ్లాసు పెట్టి, నవ్వి వెళ్లిపోయేది. ఒకసారి నేను నేస్తున్న ఎర్రచీర అంచు మీద వేలు పెట్టి చాలాసేపు పెదవులు కదిపింది. ముద్దొచ్చి దానికీ తల ఊపాను. ఇక గడప దగ్గర తల్లి పక్కన కూర్చుని నూలు కండెలు చుట్టేటప్పుడు చూస్తే ఆ పెదవులకు తీరికే ఉండేది కాదు. ఈ పిల్ల పొద్దస్తమానం ఏదో ఒకటి నములుతూనే ఉంటుంది, అయినా ఒళ్లు చేయదేమిటి అనుకునేవాణ్ని.

నిజం చెబుతున్నాను, నమ్మండి. నమిలేది కాదు, మాట్లాడేది.

పిల్ల నా దగ్గరికి వస్తున్నప్పుడల్లా సుగుణ వెనక నుంచి ఒక మాట చెప్పి పంపేదట. "మీ బాపుకు ఇనవడదు బిడ్డా, చేతులతోటి చెప్పు." ఈ మాటను కాస్త గుర్తుపెట్టుకోండి. నా పరువు గంగలో కలిసింది దీనివల్లే.

మరి మగ్గం ఆగినప్పుడైనా వినలేదా అంటారేమో. పొద్దుగూకి మగ్గం దిగితే చెవుల్లో ఇంకా అదే మోత. కాళ్లు సాగదీసుకుందామని చౌరస్తాకు పోయి, లోకంలోని ముచ్చట్లన్నీ ముగించి వచ్చేసరికి పిల్ల నిద్రపోయేది. నెలకొక్క రోజు, అమావాస్యనాడు, మా వాళ్లు మగ్గం ముట్టరు. ఆ రోజు నేను తెల్లవారకముందే చీరల మూట కట్టుకుని సేటు దగ్గరికి పోయేవాణ్ని. అట్లా అయిదేళ్లు గడిపి, నా బిడ్డ గురించి నాకు తెలిసినంత ఇంకెవరికీ తెలియదని తిరిగేవాణ్ని.

ఆ ఎండాకాలం మా వీధిలో ప్రైవేటు బళ్ల టీచర్లు కరపత్రాలు పట్టుకుని ఇల్లిల్లూ తిరిగారు. ఏటా తిరుగుతారు. రంగుల కాగితాల మీద కోటు వేసుకున్న పిల్లలు, మా ఊళ్లో ఎన్నడూ చూడని పచ్చగడ్డి. అందులో ఒక కుర్ర టీచరు మా ఇంటికి వచ్చి, మగ్గం ఆపించి మరీ చెప్పాడు.

"అన్నా, బడి పెద్దదా చిన్నదా అని చూడకు. పిల్ల స్వభావానికి సరిపోతదా లేదా, గా సంగతి చూడు. దూకుడు పిల్లలకు ఒక తీరు బడి, నెమ్మది పిల్లలకు ఒక తీరు బడి. తప్పు బడిల ఏస్తే పిల్ల వాడిపోతది."

నాకు ఒళ్లు జలదరించింది. పట్టుకు వేసే రంగు నూలుకు పట్టదని చిన్నప్పటి నుంచి తెలిసినవాణ్ని, పిల్లకూ బడికీ అదే లెక్క అని ఎందుకు తోచలేదు? ఆ రోజు రెండు గంటలు ముందుగానే మగ్గం దిగి, ఊగిపోతూ వంటింట్లోకి పోయాను.

"సుగుణా! మన శ్రావ్య స్వభావం ఏంది?"

"ఏముంది, వాగుడు."

పడీ పడీ నవ్వాను. "మన శ్రావ్యనా? దాని నోట్లో నాలుక లేదే!"

సుగుణ చేతిలో గరిటె పట్టుకుని నన్ను కింది నుంచి మీది దాకా చూసింది. "నువ్వు గీ ఇంట్లనే ఉంటున్నవా?"

"తల్లివి గద, నీకు గట్లనే అనిపిస్తది. బయటి నుంచి చూసెటోనికి అసలు సంగతి ఎరుకైతది."

"గదే అంటున్న. నువ్వు బయటోనివే."

ఈ మాటలో ఎంత నిజం ఉందో అప్పుడు నాకు అర్థం కాలేదు. మర్నాడు ఇస్త్రీ చొక్కా వేసుకుని బడులు చూడడానికి బయలుదేరాను.

మొదట చూసింది మోత్కూరులో బడి. గేటులో అడుగు పెట్టగానే అన్ని తరగతుల వాళ్లూ ఒకేసారి ఎక్కాలు చదువుతున్నారు. ఒక గదిలో ఏడో ఎక్కం, పక్క గదిలో పన్నెండో ఎక్కం, వరండాలో ఎవరో పద్యం. హెడ్మాస్టరు ముసలాయన, చెవి వెనకాల సుద్దముక్క పెట్టుకుని నా ఎదురుగా వచ్చాడు.

"పిల్లను చేర్పిస్తరా?"

"ఏంది సార్?"

"చేర్పిస్తరా అంటున్న!"

"ఏం పిస్త సార్?"

ఆయన నా చెయ్యి పట్టుకుని గేటు బయటికి తీసుకొచ్చి మళ్లీ అడిగాడు. నేను దండం పెట్టి పరుగు లంకించుకున్నాను. ఈ సంతలో నోరు లేని నా బిడ్డను వదిలితే బెదిరి జ్వరం తెచ్చుకుంటుందని నా బాధ.

రెండోది నార్కట్‌పల్లి పోయే దారిలో ఉంది. వేపచెట్ల కింద తెల్లటి బడి. పిల్లలు ఉన్నారా లేరా అన్నంత నిశ్శబ్దం. చెప్పులు విడిచి కాలి వేళ్ల మీద నడుస్తున్నారు. కరస్పాండెంట్ మేడం తెల్లచీర కట్టుకుని, దీపం ఆరిపోతుందేమో అన్నట్టు మాట్లాడేది.

"మా దగ్గర సున్నితమైన పిల్లల్నే తీసుకుంటాం యాదగిరి గారూ. రోజూ భోజనమయ్యాక మౌన గంట ఉంటుంది. ఒక గంటసేపు ఎవరూ పెదవి కదపరు. గోల చేసే పిల్లలకు ఇది చాలా కష్టం. మీ పాప ఎలాంటిది?"

నేను ఆనందంతో బల్ల మీది దరఖాస్తు లాక్కున్నాను. పెదవి కదపని బడి! నా బిడ్డ కోసమే కట్టినట్టుంది! దరఖాస్తులో 'పాప స్వభావం' అని ఒక గడి ఉంది. మిగిలిన గడులు వదిలేసి ముందు దాన్ని నింపాను. "నోట్లో నాలుక లేదు." ఒకసారి చదువుకుని, బాగా కుదిరిందని కింద గీత కూడా గీశాను.

వారం తర్వాత పాపను తీసుకుని రమ్మన్నారు. సరిగ్గా దానికి ముందు రెండు రోజులు మా బంధువుల పెళ్లి. నేను చీరలు తెమలక పోలేదు, తల్లీబిడ్డలు పోయి వచ్చారు. వచ్చేసరికి శ్రావ్య గొంతు పూర్తిగా పోయింది. గాలి తప్ప ఏమీ రావడం లేదు.

"ఇప్పటికన్న చెప్తున్న ఇను," అంది సుగుణ బస్సులో. "రెండు దినాలు బ్యాండోల్లతోటి పోటీవడి అరిచింది ఇది. ఆఖరుకు ఆల్లే బందు వెట్టిన్రు. గొంతు వచ్చినంక తీస్కవోదాం. జర మేడంకు ఉన్నది ఉన్నట్టు చెప్పు."

"పెండ్లిల పిల్లలు అరువరా? నువ్వు ఫికర్ చెయ్యకు. ఆడ నోరు తెరువకు."

మేడం శ్రావ్యను ఎదురుగా కూర్చోబెట్టుకుంది. "నీ పేరేమిటమ్మా?" శ్రావ్య నోరు తెరిచింది. ఏమీ రాలేదు. సిగ్గుపడి నవ్వి తల వంచుకుంది. "నీకు ఏమంటే ఇష్టం?" మళ్లీ నోరు తెరిచింది, మళ్లీ నవ్వింది. మేడం కళ్లు చెమర్చాయి. "ఎంత నెమ్మది! ఈ పాపకు మౌనం పుట్టుకతోనే వచ్చింది." సుగుణ దగ్గబోయింది. నేను బల్ల కింద ఆమె కాలు తొక్కాను. శ్రావ్యకు సీటు వచ్చింది.

బడి తెరిచే నాటికి గొంతు కూడా వచ్చింది.

మొదటి వారంలోనే డైరీలో చీటీ వచ్చింది, ఒకసారి వచ్చి కలవమని. గేటు దగ్గర వాచ్‌మన్ నన్ను చూడగానే లేచి నిలబడి, నోటితో ఒక్క మాటా అనకుండా, నన్ను చూపించి, ఆఫీసు చూపించి, రెండు చేతులు జోడించి నమస్కారం పెట్టాడు. ఆహా అనుకున్నాను. వాచ్‌మన్‌కు కూడా ఎంత క్రమశిక్షణ! లోపలికి పోతే మేడం ఇంకా విచిత్రం. పెదవులు పెద్దగా సాగదీసి, ఒక్కో మాటా విడదీసి చెప్పింది.

"మీ... పాప... చాలా... గట్టిగా... మాట్లాడుతోంది."

చెప్పిన మాటే మళ్లీ కాగితం మీద రాసి నా ముందుకు తోసింది. కింద ఇంకో వాక్యం కూడా ఉంది: హాజరు పలికితే పక్క గదిలో పిల్లలు లేచి నిలబడుతున్నారు.

"మేడం, మీరు పొరపాటు పడ్డట్టున్నరు," అన్నాను నేను, మర్యాద కోసం గొంతు తగ్గించి. "గది వేరే పిల్ల అయ్యుంటది. మా పిల్లకు మాటలే తక్కువ."

ఆమె నా వంక ఎంతో జాలిగా చూసింది. ఆ జాలి ఎందుకో తెలియక, ఎంత దయగల మనిషి అని ఇంటికొచ్చి సుగుణకు గంటసేపు చెప్పాను.

ఆ తర్వాత చీటీలు వస్తూనే ఉన్నాయి. నేను జవాబులు రాస్తూనే ఉన్నాను. 'ప్రార్థనలో పాప గొంతు తగ్గించుకోవాలి' అని వస్తే, 'భక్తి ఎక్కువ' అని రాశాను. 'పాప చెప్పే కథ వింటూ వంటామె పప్పు మాడ్చింది' అని వస్తే, 'వంటామెను మందలించండి' అని రాశాను. 'పాప ఇంట్లో కూడా ఇంతేనా?' అని వస్తే, 'ఇంట్లో చీమ చిటుక్కుమన్నా వినపడుతుంది' అని రాశాను. మగ్గం మీద కూర్చునే రాశాను ఆ మాట.

కానీ ఇంట్లో సంగతి నవ్వులాటగా లేదు. శ్రావ్య రోజూ పొద్దున కడుపునొప్పి అనేది. వ్యాను కూత వినగానే తల్లి కొంగు పట్టుకునేది. దవాఖానలో చూపిస్తే కడుపులో ఏమీ లేదన్నారు.

సుగుణ ఒకనాడు అటూ ఇటూ దారం విసిరే నాడెను నా చేతిలోంచి లాక్కుంది. మగ్గం ఆగింది. "ఏమయ్యా, గా బడిల దానికి ఊపిరి ఆడుతలేదు. మాట్లాడితే తప్పు, నవ్వితే తప్పు అంటున్నరట. గిట్ల ఇంక కొన్ని దినాలైతే పిల్ల నవ్వుడే మరిచిపోతది. గప్పుడు జిమ్మేదారి ఎవలది?"

"కొత్తల అందరు గట్లనే చేస్తరు. దాని స్వభావానికి సరిపోయే బడే. నేను చూసి చూసి తెచ్చిన."

"ఎవ్వల స్వభావానికి?"

నాడె లాక్కుని మళ్లీ నేయడం మొదలుపెట్టాను. ఆమె ఇంకా ఏదో అంది. పెదవులు కనిపించాయి.

విచిత్రంగా, ఆ తర్వాత కొద్దిరోజులకే కడుపునొప్పి మాయమైంది. పిల్ల వ్యాను రాకముందే బ్యాగు తగిలించుకుని నిలబడేది. డైరీలో కొత్త రకం చీటీ వచ్చింది: 'మౌన గంటలో పాప ప్రవర్తన అద్భుతం. తరగతి మొత్తం ఆమెను చూసి నేర్చుకుంటోంది.' ఇక నన్ను పట్టేవాళ్లు లేరు! ఆ చీటీని చొక్కా జేబులో పెట్టుకుని చౌరస్తాలో ప్రతివాడికీ చదివి వినిపించాను. పక్కింటి నేతగాళ్ల మగ్గాలు కూడా ఆపించి చదివాను. సుగుణ ఒక్కతే చీటీని అటూ ఇటూ తిప్పి చూసింది.

"దీన్ని చూసి నేర్చుకుంటున్నరా? ఏం నేర్చుకుంటున్నరు?"

ఆ ప్రశ్నకు జవాబు తల్లిదండ్రుల రోజున దొరికింది. ఆ రోజు అమావాస్య పడింది. మగ్గాలు ఆగాయి. సేటు దగ్గరికి తమ్ముణ్ని పంపించి, నేనూ సుగుణా బయలుదేరాం. మౌన గంటను తల్లిదండ్రులకు కళ్లారా చూపిస్తారట. నేను ముందు వరసలో, సరిగ్గా మధ్య కుర్చీలో కూర్చున్నాను.

గంట కొట్టారు. నలభై మంది పిల్లలు చాపల మీద వరసగా కూర్చున్నారు. పెదవి కదలడం లేదు. వచ్చిన పెద్దవాళ్లంతా ముక్కున వేలేసుకుని చూస్తున్నారు. శ్రావ్య మొదటి వరసలో మూతి బిగించి కూర్చుంది. చూశావా అన్నట్టు సుగుణ వైపు చూశాను.

అప్పుడు మేడం లోపలికి వచ్చింది. ఆమె గడప దాటగానే చివరి వరసలో ఒక పిల్లవాడు చెయ్యి ఎత్తి తన పొట్ట మీద గుండ్రంగా నిమిరాడు. పక్కవాడు నిమిరాడు. ఆ వరసంతా నిమిరింది.

ఆ సైగ నాకు తెలుసు. అది మా ఇంటి సైగ. సేటు వచ్చాడని!

కళ్లు నులుముకుని మళ్లీ చూశాను. ఒక మూలన ఏడుపు మొహం పెట్టిన పిల్లను చూపించి ఇంకో పిల్ల రెండు వేళ్లు కలిపి విడదీసింది. దారం తెగిందట, అంటే ఏడుస్తోందని. రెండో వరసలో ఒకడు వేళ్లు కూడగట్టి నోటి దగ్గర పెట్టాడు, వాడి పక్కది బొటనవేలు పెదవికి ఆనించి తల అడ్డంగా ఊపింది. బువ్వ కావాలట ఒకడికి, వద్దు చాయ కావాలట ఇంకోదానికి. గది నిండా మాటలే! నలభై మంది జోరుగా ముచ్చట్లు పెడుతున్నారు, చప్పుడు మాత్రం లేదు. మధ్యలో నా బిడ్డ అటు తిరిగి ఒకటి, ఇటు తిరిగి ఒకటి జవాబులు ఇస్తోంది. ఆ గదిలో ఉన్న పెద్దవాళ్లలో వాళ్ల మాటలు అర్థమవుతున్నది మా ఇద్దరికే.

నేను ఊరుకోవాలా వద్దా? మీరే చెప్పండి. ఊరుకోవాలి. కానీ అంత సంతోషం పట్టలేక సుగుణ చెవిలో గుసగుసలాడాను. ఇరవై ఏళ్లు మగ్గం మీద కూర్చున్నవాడి గుసగుస ఎట్లా ఉంటుందో మీకు తెలియదు.

"సుగుణా! సూడవే, మేడంను సేటు అంటున్నరే!"

మౌన గంటలో ఆ మాట నాలుగు గోడలకూ తగిలి తిరిగి వచ్చింది. కిటికీ మీది పావురాలు లేచిపోయాయి. తల్లిదండ్రులంతా నా వైపు తిరిగారు. మేడం కూడా తిరిగింది, మొహం కందగడ్డలా ఉంది. అది చూసిన నలభై మంది పిల్లలు, ఎవరో చెప్పినట్టు ఒక్కసారిగా, ముక్కు మీద పిడికిలి పెట్టారు.

నేను నవ్వాను. ఆపుకోలేకపోయాను. నాతోపాటు పిల్లలూ నవ్వారు. మౌన గంట ఆ రోజుకు ముగిసింది.

ఆఫీసులో మేడం ముందు మేం ముగ్గురం నిలబడ్డాం. పెద్దగొంతుతో వాగితేనే తప్పన్నారు, ఇప్పుడు శ్రావ్య మౌన గంటనే పాడు చేసిందంటే బడి నుంచి తీసేస్తారేమోనని నా భయం. చదువుల ఏడాది నడుమ ఎక్కడ చేర్చుకుంటారు పిల్లను? మేడం బీరువాలోంచి దరఖాస్తు తీసి, నేను గీత గీసిన చోట వేలు పెట్టింది. పెదవులు సాగదీసి మొదలుపెట్టింది.

"మీరు... ఇలా... ఎందుకు... రాశారు?"

ఇక నాకు తిక్క రేగింది. "మేడం, తప్పు నాదే, ఒప్పుకుంటున్న. కని ఒక ముచ్చట అడుగుత. అందరితోని మంచిగనే మాట్లాడుతరు గద, నాతోటి ఒక్కనితోనే గిట్ల సాగదీస్తరెందుకు?"

మేడం చేతిలో కాగితం జారిపోయింది. "మీకు... వినిపిస్తుందా?"

"ఇనవడకేం మేడం! మంచిగ ఇనవడ్తది."

"మరి పాప మొదటి రోజే చెప్పిందే! మా బాపుకు చెవులు వినిపించవు, ఏదైనా చేతులతోనే చెప్పాలి అని. వాచ్‌మన్‌కు, వ్యాను డ్రైవర్‌కు, అందరికీ చెప్పింది. మొదట్లో మీరు పెదవులు చూసే అర్థం చేసుకున్నారనుకుని మేమంతా..."

అందరం శ్రావ్య వైపు తిరిగాం. అది నోరు తెరుచుకుని, కళ్లు ఇంతింత చేసుకుని నన్నే చూస్తోంది. ఒక్కసారిగా అరిచింది. నా జీవితంలో నేను సరిగ్గా విన్న నా బిడ్డ మొదటి మాట అదే.

"బాపూ! నీకు ఇనవడ్తదా?"

సుగుణ నేల మీద కూలబడి నవ్వింది. మేడం నవ్వు ఆపుకోవడానికి కొంగు నోట్లో కుక్కుకుంది. నాకు మాత్రం నవ్వు రాలేదు. దాని నోట్లో నాలుక లేదని నేను రాశాను, నాకు చెవులు లేవని అది ఊరంతా చెప్పింది. అయిదేళ్లు నా పక్కన నిలబడి, పాపం, చెవిటి తండ్రి అనుకుని సైగలు చేసి పోయింది నా తల్లి. సిగ్గుతో చచ్చిపోయాను. ఏడుపొచ్చింది కూడా, దాచడం ఎందుకు.

మేడం మంచి మనిషే. "పాపను మేం పంపించం. కానీ ఇది తనకు తగిన చోటు కాదేమో మీరే ఆలోచించండి," అంది. ఆలోచించడానికి బస్సులో నాకు సందు దొరికితే కదా! నాకు వినపడుతుందని తెలిసిన క్షణం నుంచి అయిదేళ్ల బాకీ తీర్చడం మొదలుపెట్టింది శ్రావ్య. కండక్టరు టికెట్టు కొట్టడం మరిచిపోయి విన్నాడు. దిగాల్సిన వాళ్లు ఒకరిద్దరు దిగలేదు.

"బాపూ, ముందుగాల చెప్పొద్దా ఇనవడ్తదని? నేను ఎన్ని చెప్పిన్నో ఎరుకనా? నువ్వు నేసిన ఎర్రచీర లేదా, దాని అంచుల ఒక చిలుక ఉల్టా కూసున్నది. ఏలు వెట్టి సూపెట్టిన. నువ్వు తల ఊపినవ్."

చిలుక తలకిందులుగా ఉందని ఆ చీరను సేటు నా మొహాన తిప్పికొట్టాడు. ఉల్టా చిలుక ఇంట్లో ఎవరి కంటా పడకపోవడమేమిటని అప్పట్లో మేమంతా ఆశ్చర్యపోయాం.

మర్నాడు మగ్గం ఎక్కకుండా శ్రావ్యను తీసుకుని మోత్కూరు బడికి పోయాను. అవే ఎక్కాలు, అదే సంత. హెడ్మాస్టరు చెవి వెనకాల అదే సుద్దముక్క.

"పిల్ల ఎట్లాంటిది?" అని అరిచాడు ఆయన.

"నాకు ఎరుక లేదు సార్! దాన్నే అడుగుండ్రి!" అని నేనూ అరిచాను.

శ్రావ్య తన పేరు చెప్పింది, ఊరు చెప్పింది, ఉల్టా చిలుక సంగతి చెప్పింది, మౌన గంట సంగతి చెప్పింది. ఒక గదిలో ఎక్కం ఆగింది. పక్క గదిలో పద్యం ఆగింది. హెడ్మాస్టరు సుద్దముక్క తీసి జేబులో వేసుకున్నాడు.

"రేపటి నుంచి ప్రార్థన ఈమెతోనే చెప్పిస్త. మైకు ఖరాబై ఏడాదాయె," అన్నాడు మురిసిపోతూ.

ఇప్పుడు శ్రావ్య పై తరగతులకు వచ్చింది. కడుపునొప్పి మళ్లీ రాలేదు. నార్కట్‌పల్లి దారిలో బడి ముందు నుంచి ఎప్పుడైనా పోతే ఆ వాచ్‌మన్ నన్ను గుర్తుపట్టి బొటనవేలు పెదవికి ఆనిస్తాడు. నేను తల ఊపుతాను. ఇద్దరం చాయ తాగుతాం.

ఆ అమావాస్య మర్నాడే మా మగ్గం మీద చెయ్యి వేసి ఒట్టు పెట్టుకున్నాను. సూర్యచంద్రులు సాక్షిగా, మా సేటు పొట్ట సాక్షిగా, ఇకమీదట ఏ మనిషి స్వభావం గడీ నేను నింపను. నింపాల్సి వస్తే ముందు మగ్గం ఆపి, ఆ మనిషి దగ్గర కూర్చుని, పూర్తిగా వింటాను. రోజూ బడి నుంచి పిల్ల రాగానే ఒక గంట నాడె పక్కన పెడతాను. ఆ గంట మా ఇంట్లో మౌన గంట. మౌనం నాది.

ఈ ఒట్టు పైకి గట్టిగా అని పెట్టుకుందామనే అనుకున్నాను. కానీ శ్రావ్య మాట్లాడుతోంది, నడుమ సందు దొరకలేదు. అందుకని చేతులతో పెట్టుకున్నాను.